నగరాల మంచినీరు, మురుగునీరు: ప్రైవేటు నిర్వహణ తీరుతెన్నులు

నగరానికి మంచినీళ్లు అందించడం, వాడిన నీటిని సేకరించి శుద్ధి చేయడం అనే రెండు పనులను ప్రభుత్వ సంస్థకు బదులుగా ప్రైవేటు కంపెనీ చేసే ఏర్పాటును నీటి సేవల ప్రైవేటీకరణ అంటారు. ఈ ఒక్క మాట కిందికి చాలా రకాల ఏర్పాట్లు వస్తాయి. కొన్నిచోట్ల కంపెనీ మీటర్లు చూసి బిల్లులు వసూలు చేయడంతో సరిపెడుతుంది. మరికొన్నిచోట్ల పాతిక ముప్పై ఏళ్లపాటు నగరమంతటి పైపులైన్లకూ పూచీ పడుతుంది. ఇంగ్లండ్‌లో రిజర్వాయరు మొదలుకొని మురుగుశుద్ధి కేంద్రం దాకా ఆస్తులన్నీ కంపెనీలవే.

ఒకే వీధిలో రెండు కంపెనీలు రెండు పైపులైన్లు వేసి పోటీపడటం జరిగే పని కాదు. సేవ నచ్చకపోతే ఫోన్ కంపెనీని మార్చినట్టు నీళ్ల కంపెనీని మార్చుకునే వీలు ఇంటివారికి లేదు. మార్కెట్లో పోటీ చేసే పనిని ఇక్కడ ఒప్పందం, దాన్ని అమలు చేయించే నియంత్రణ సంస్థ చేయాలి. పంపు నడపడం, పైపు బాగుచేయడం, బిల్లు వసూలు చేయడం కంపెనీకి అప్పగించవచ్చు. నీళ్లు రాని రోజున, నది కంపుకొట్టిన రోజున జనం నిలదీసేది మాత్రం ప్రభుత్వాన్నే. గత నాలుగు దశాబ్దాల అనుభవాలను వరుసగా చూస్తే, ఈ సంగతి గుర్తుంచుకున్న నగరాలు లాభపడ్డాయి. ఒప్పందం మీద సంతకం పెట్టి చేతులు దులుపుకున్నవి నష్టపోయాయి.

పూర్వచరిత్ర

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మూడో నెపోలియన్ పాలనలో, 1853లో ఫ్రాన్స్‌లో జనరల్ వాటర్ కంపెనీ ఏర్పడింది. దానికి తొలి కాంట్రాక్టు లియాన్ నగరం ఇచ్చింది. నేటి వియోలియా సంస్థకు మూలం అదే. 1880లో పుట్టిన లియొనేజ్ కంపెనీ ఆ తర్వాత స్వెజ్‌గా పేరుపొందింది. లండన్‌లోనూ పంతొమ్మిదో శతాబ్దమంతా ప్రైవేటు కంపెనీలే నీళ్లు అమ్మాయి. కలరా భయం, నీటి నాణ్యత మీద ఫిర్యాదులు పెరిగాక 1902 చట్టంతో ఎనిమిది కంపెనీలను ప్రభుత్వ బోర్డు స్వాధీనం చేసుకుంది. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో నీరు పురపాలక సంఘాల పనిగానే సాగింది.

1980ల చివర గాలి మళ్లింది. అప్పుల్లో కూరుకుపోయిన ప్రభుత్వాలకు పాత పైపులు మార్చే సొమ్ము లేదు. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలు ప్రైవేటు పెట్టుబడిని మార్గంగా చూపించాయి. 1989లో ఇంగ్లండ్, 1993లో బ్యూనస్ ఐరిస్, 1997లో మనీలా ఆ దారి పట్టాయి.

ఒప్పందాల రకాలు

అన్నిటికంటే చిన్నది సేవా ఒప్పందం. మీటర్ రీడింగు, పంపుల మరమ్మతు వంటి ఒక్కో పనిని కంపెనీ ఫీజు తీసుకుని చేస్తుంది. దానికి పై మెట్టు నిర్వహణ ఒప్పందం. ఇందులో రోజువారీ యంత్రాంగమంతా కంపెనీ నడుపుతుంది, పెట్టుబడి ప్రభుత్వానిదే. ఫ్రాన్స్‌లో పుట్టిన లీజు పద్ధతిలో కంపెనీ బిల్లులు వసూలు చేసుకుని, అందులో కొంత వాటాను ఆస్తుల యజమాని అయిన నగరానికి చెల్లిస్తుంది. సెనెగల్ 1996 నుంచి ఈ పద్ధతినే అనుసరించింది. కన్సెషన్‌లో కొత్త పైపులు, కొత్త ప్లాంట్ల పెట్టుబడి కూడా కంపెనీదే. గడువు తీరాక ఆస్తులు ప్రభుత్వానికి తిరిగి వస్తాయి. ఒకే ప్లాంటును కట్టి, కొన్నేళ్లు నడిపి అప్పగించేది బీఓటీ. ఆస్తులనే అమ్మేయడం ఆఖరి మెట్టు. అంతదాకా వెళ్లిన దేశాలు చాలా తక్కువ.

మెట్టు ఎక్కేకొద్దీ కంపెనీ మీద పడే నష్టభయం పెరుగుతుంది, దానితోపాటు అది ఆశించే లాభమూ పెరుగుతుంది. పేచీలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

మనీలా: ఒకే నగరం, రెండు ఫలితాలు

నీటి ప్రైవేటీకరణను అర్థం చేసుకోవడానికి ఫిలిప్పీన్స్ రాజధానిని మించిన ఉదాహరణ దొరకదు. 1990ల మధ్యలో అక్కడి ప్రభుత్వ నీటి సంస్థ జనాభాలో మూడింట రెండు వంతుల మందికే నీరందించేది. శుద్ధిచేసిన నీటిలో సుమారు 60 శాతం బిల్లుకెక్కేది కాదు. పైపులు కారి కొంత, దొంగ కనెక్షన్లతో కొంత పోయేది. పేదవాడలు నీళ్లమ్మేవాళ్ల దగ్గర ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెట్టి కొనుక్కునేవి. ఫిడెల్ రామోస్ ప్రభుత్వం 1995లో జల సంక్షోభ చట్టం తెచ్చి, నగరాన్ని తూర్పు, పడమర మండలాలుగా విడదీసి వేలం వేసింది.

అప్పటి ధర ఘనపు మీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు 8.78 పెసోలు. తూర్పు మండలాన్ని అయాలా కుటుంబ సంస్థ నాయకత్వంలోని మనీలా వాటర్ 2.32 పెసోలకు పాడుకుంది. పడమర మండలం లోపెజ్ కుటుంబం, ఫ్రెంచ్ కంపెనీ కలిసి పెట్టిన మేనిలాడ్‌కు 4.97 పెసోలకు దక్కింది. ధరలు సగానికీ పావువంతుకూ పడిపోవడంతో నగరం సంబరపడింది.

1997 ఆగస్టు 1న ఒప్పందం అమల్లోకి రావాలి. సరిగ్గా మూడు వారాల ముందు, జులై 11న ఆసియా ఆర్థిక సంక్షోభం తాకిడికి పెసో మారకం విలువను ప్రభుత్వం వదిలేసింది. డాలరుకు 26 పెసోలుగా ఉన్నది కొద్ది నెలల్లోనే 40 దాటింది. పాత ప్రభుత్వ సంస్థ విదేశీ అప్పుల్లో 90 శాతం పడమర మండలం నెత్తిన, 10 శాతం తూర్పు మండలం నెత్తిన పెట్టి ఉన్నాయి. దాంతో మేనిలాడ్‌కు అప్పుల కిస్తీలు తడిసి మోపెడయ్యాయి. అది 2001లో ప్రభుత్వానికి కట్టాల్సిన ఫీజు ఆపేసింది, ఆపై దివాలా రక్షణ కోరింది. చివరికి 2007లో కొత్త యజమానుల చేతికి వెళ్లింది. బిల్లుకెక్కని నీరు పదేళ్ల తర్వాత కూడా 60 శాతానికి పైనే ఉంది. కొత్త యాజమాన్యం దాన్ని సగానికి తగ్గించగలిగింది.

తూర్పున కథ వేరుగా నడిచింది. మనీలా వాటర్ పాత ఉద్యోగుల్నే తీసుకుని, నగరాన్ని చిన్నచిన్న మీటరు మండలాలుగా విడగొట్టింది. ఒక్కో మండలానికి ఒక్కో బృందాన్ని బాధ్యులను చేసింది. మండలంలోకి వచ్చే పెద్ద పైపు మీద ఒక మీటరు, ఇళ్ల దగ్గర మీటర్లు ఉంటాయి. రెండింటి లెక్కకూ తేడా ఎంతో అంత నీరు దారిలో పోతున్నట్టు. అర్ధరాత్రి దాటాక ఇళ్లలో వాడకం దాదాపు ఆగిపోతుంది. ఆ వేళలోనూ పెద్ద మీటరు గిర్రున తిరుగుతుంటే భూమిలో ఎక్కడో పైపు పగిలిందన్నమాట. సిబ్బంది రోడ్డు మీద లోహపు కడ్డీ ఆనించి, రెండో చివర చెవికి పెట్టుకుని, నీరు చిమ్మే చప్పుడును బట్టి గుంత ఎక్కడ తవ్వాలో తేలుస్తారు. ఇలా ఏళ్ల తరబడి చేసిన పనితో తూర్పు మండలంలో బిల్లుకెక్కని నీరు 63 శాతం నుంచి 12 శాతం దరిదాపులకు దిగింది. భూమి పట్టాలు లేని పేదవాడలకు కూడా కనెక్షన్లిచ్చే పథకం పెట్టారు. ఇరుకు సందుల మొదట్లో వరుసగా మీటర్లు బిగించి, అక్కడి నుంచి ఇళ్లకు సన్నని గొట్టాలు లాగారు.

అయితే తూర్పు మండలానికీ మచ్చలున్నాయి. 2019 మార్చిలో లా మెసా రిజర్వాయరు అడుగంటి లక్షల ఇళ్లకు నీళ్లు ఆగిపోయాయి. అదే ఏడాది ఆగస్టులో ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు రెండు కంపెనీలకూ చెరో 90 కోట్ల పెసోలకు పైగా జరిమానా వేసింది. 2004 నాటి పరిశుభ్ర జల చట్టం అయిదేళ్లలో మురుగు పైపులు వేయాలని చెప్పింది. కంపెనీలు మంచినీటి మీద చూపిన శ్రద్ధ మురుగు మీద చూపలేదని కోర్టు తేల్చింది. ధరల వివాదంలో సింగపూర్ మధ్యవర్తుల దగ్గర కంపెనీలు గెలిచినా, అధ్యక్షుడు డుటెర్టే ఆగ్రహానికి జడిసి, తమకు దక్కాల్సిన పరిహారాన్ని వదులుకుని 2021లో కొత్త ఒప్పందాలకు తలవంచాయి.

ఇంగ్లండ్: ఆస్తులనే అమ్మిన దేశం

1989లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లలోని పది ప్రాంతీయ జల సంస్థలను షేర్ మార్కెట్‌కెక్కించింది. అమ్మకానికి ముందు వాటి అప్పులు సుమారు 500 కోట్ల పౌండ్లు రద్దు చేసి, పైగా 150 కోట్ల పౌండ్ల నగదు ఇచ్చింది. ధరల మీద కన్నేసి ఉంచడానికి ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థను, నీటి నాణ్యతకు వేరుగా తనిఖీ సంస్థను పెట్టింది. స్కాట్లండ్‌లో నీరు ప్రభుత్వ రంగంలోనే ఉంది.

మేలు జరగలేదనడానికి లేదు. నేడు అక్కడ కుళాయి నీళ్ల పరీక్షల్లో 99.9 శాతానికి పైగా ప్రమాణాలకు తగినట్టే వస్తున్నాయి. 1999 చట్టం తర్వాత బిల్లు కట్టలేదని ఏ ఇంటికీ నీళ్లు ఆపకూడదు.

దెబ్బ తగిలింది అప్పుల దగ్గర, మురుగు దగ్గర. లండన్‌కు నీరిచ్చే థేమ్స్ వాటర్‌ను 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ నాయకత్వంలోని పెట్టుబడిదారులు కొన్నారు. వాళ్లు 2017లో పూర్తిగా తప్పుకునేనాటికి కంపెనీ అప్పు సుమారు 340 కోట్ల పౌండ్ల నుంచి 1,000 కోట్లు దాటింది. 2024కల్లా అది 1,500 కోట్లనూ మించింది. 2025 ఫిబ్రవరిలో కోర్టు అనుమతితో 300 కోట్ల పౌండ్ల అత్యవసర రుణం తెచ్చుకోకపోతే రోజులు గడవని స్థితికి వచ్చింది. అదే ఏడాది మే నెలలో ఆఫ్‌వాట్ ఆ కంపెనీకి 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అందులో కొంత మురుగు నిర్వహణ లోపాలకు, మిగిలింది పనితీరు బాగాలేకపోయినా వాటాదారులకు డివిడెండు పంచినందుకు. వాన పడితే పొంగి మురుగును నదుల్లోకి వదిలే తూములన్నిటికీ 2023 చివరికి కొలమానాలు బిగించారు. 2024లో ఇంగ్లండ్‌లోని ఈ తూముల్లోంచి 36 లక్షల గంటలకు పైగా మురుగు పారిందని ఆ లెక్కలు చూపించాయి. 2025 జులైలో జాన్ కన్‌లిఫ్ కమిషన్ నివేదిక ఆఫ్‌వాట్‌ను రద్దుచేసి, ఒకే బలమైన నియంత్రణ సంస్థను పెట్టాలని సూచించింది. ప్రభుత్వం అందుకు ఒప్పుకుంది.

నియంత్రణ సంస్థ ధరల మీదే దృష్టి పెట్టి, కంపెనీ ఖాతాల్లో పేరుకుపోతున్న అప్పును పట్టించుకోకపోతే ఏమవుతుందో థేమ్స్ వాటర్ చరిత్ర చెబుతుంది.

లాటిన్ అమెరికా

బ్యూనస్ ఐరిస్ ఒప్పందాన్ని 1993లో ఫ్రెంచ్ కంపెనీ నాయకత్వంలోని అగ్వాస్ అర్జెంటీనాస్ 26.9 శాతం ధర తగ్గిస్తామని చెప్పి దక్కించుకుంది. ఏడాది తిరక్కుండానే ధర పెంచమంది. మరోవైపు కనెక్షన్లు పెరిగిన మాట వాస్తవం. నీరు ప్రైవేటుపరమైన అర్జెంటీనా పట్టణాల్లో పిల్లల మరణాలు 8 శాతం, నిరుపేద ప్రాంతాల్లో 26 శాతం తగ్గాయని 2005లో వెలువడిన పరిశోధన తేల్చింది. 2002లో అర్జెంటీనా పెసో కుప్పకూలి ధరలు స్తంభించాక ఆ ఒప్పందం నిలవలేదు. 2006లో ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. 2015లో అంతర్జాతీయ మధ్యవర్తులు 40.5 కోట్ల డాలర్ల పరిహారం కంపెనీకి చెల్లించమన్నారు.

బొలీవియాలోని కొచబాంబలో 1999లో ఒకే ఒక్క బిడ్డరు వచ్చినా 40 ఏళ్ల ఒప్పందం రాసిచ్చారు. కొత్త ఆనకట్ట ఖర్చంతా బిల్లుల్లో కలిపేసరికి ధరలు ఎగబాకాయి. జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణం పోయింది. 2000 ఏప్రిల్‌లో కంపెనీ వెళ్లిపోయింది. చిలీ మాత్రం పేద కుటుంబాల బిల్లులో కొంత భాగాన్ని ప్రభుత్వ ఖజానా నుంచి నేరుగా కట్టే చట్టం ముందుగా తెచ్చి, ఆ తర్వాతే కంపెనీలను రానిచ్చింది. 1990ల చివర పట్టణ మురుగులో అయిదో వంతుకు అటూఇటూ శుద్ధి చేసిన ఆ దేశం పదిహేనేళ్లలోపే దాదాపు మొత్తం శుద్ధి చేసే స్థాయికి చేరింది.

మురుగు ఎందుకు వెనకబడుతుంది?

మంచినీళ్లు రాకపోతే ఇంటిల్లిపాదికీ ఆ పూటే తెలుస్తుంది. మురుగు శుద్ధికాకుండా ఊరి చివర నదిలో కలిస్తే బిల్లు కట్టేవారికి తెలియదు. నష్టపోయేది దిగువ ఊళ్ల రైతులు, జాలర్లు. వాళ్లు ఆ కంపెనీకి ఖాతాదారులు కారు. అందుకే లాభం చూసుకునే కంపెనీ అయినా, ఓట్లు చూసుకునే పురపాలక సంఘం అయినా మురుగును వెనక్కి నెడుతుంది. దాన్ని ముందుకు తెచ్చేది చట్టం, కోర్టు, కొలత మాత్రమే.

శుద్ధి అంటే ఇదీ: ముందు జాలీలతో చెత్త తీస్తారు, ఇసుకను అడుగున చేరనిస్తారు. తర్వాత పెద్ద తొట్లలో గాలి ఊది సూక్ష్మజీవులను పెంచితే అవి మురుగులోని మలినాన్ని తినేస్తాయి. మాంచెస్టర్‌లో 1914లో రూపొందిన ఈ పద్ధతే నేటికీ పునాది. గాలి ఊదే బ్లోయర్లకు రాత్రింబవళ్లు కరెంటు కావాలి. ప్లాంటు నడపడంలో పెద్ద ఖర్చు అదే. కాంట్రాక్టరుకు కట్టినందుకు మాత్రమే డబ్బులిస్తే, ఆ తర్వాత బ్లోయర్లు ఆగిపోయినా అడిగేవారుండరు.

ఈ లోపాన్ని సరిదిద్దడానికే కేంద్రం 2016లో గంగా ప్రక్షాళనకు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి తెచ్చింది. నిర్మాణ సమయంలో 40 శాతం చెల్లిస్తారు. మిగిలిన 60 శాతం 15 ఏళ్లలో వాయిదాలుగా, బయటికొచ్చే నీటి నాణ్యత చూసి ఇస్తారు. హరిద్వార్, వారణాసి ప్లాంట్లతో ఇది మొదలైంది. కాలుష్య నియంత్రణ మండలి 2021 లెక్క ప్రకారం మన పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది, శుద్ధయ్యేది 2,023 కోట్ల లీటర్లు.

భారతదేశంలో

2002 జాతీయ జల విధానం ప్రైవేటు భాగస్వామ్యానికి తలుపు తెరిచింది. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడ్, బెళగావి, కలబురగిలలో కొన్ని వార్డులకు వియోలియా 2008కల్లా 24 గంటల సరఫరా తెచ్చి చూపించింది. హుబ్బళ్లి-ధార్వాడ్‌లో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. 24 గంటలూ నీరొచ్చే కుళాయిల నమూనాల్లో 0.7 శాతంలో, రోజులు విడిచి వచ్చే కుళాయిల నమూనాల్లో 31.7 శాతంలో ఇ.కోలి బ్యాక్టీరియా కనిపించింది. నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పోయి, పక్కన కారే మురుగు పగుళ్లలోంచి లోపలికి చేరుతుంది. ఒత్తిడి నిలిచి ఉంటే అది రాలేదు.

నగరమంతటికీ ఒకే ప్రైవేటు ఆపరేటరును పెట్టిన పెద్ద నగరం నాగ్‌పుర్. 2012లో వియోలియా, విశ్వరాజ్ సంస్థల ఉమ్మడి కంపెనీకి 25 ఏళ్లకు అప్పగించింది. ఆస్తులూ, ధర నిర్ణయమూ నగరపాలక సంస్థ చేతిలోనే ఉన్నాయి. అయిదేళ్లలో నగరమంతా 24 గంటల నీరన్న లక్ష్యం పదేళ్లు దాటినా పూర్తిగా నెరవేరలేదు. ఆ నగరం మురుగులో మాత్రం ముందుంది. రోజుకు 13 కోట్ల లీటర్ల శుద్ధిచేసిన నీటిని కోరాడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చే ఏర్పాటు చేసుకుంది. ఆ మేరకు మంచినీరు ఊరికి మిగిలింది.

చెన్నై శివారు మీంజూరులో రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటును 2010లో ప్రారంభించారు. కట్టింది హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్, స్పెయిన్‌కు చెందిన బెఫెసా. మొదట్లో కిలోలీటరు ధర రూ.48.66. ఢిల్లీలో ప్రైవేటు నిర్వహణకు ప్రపంచ బ్యాంకు చేసిన ప్రతిపాదన 2005లో పౌరసంఘాల ఒత్తిడితో ఆగిపోయింది.

హైదరాబాద్‌లో సరఫరా 1989లో ఏర్పడిన జలమండలి చేతిలోనే ఉంది. ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితమన్న పథకం 2021 జనవరిలో మొదలైంది. పెట్టుబడి మాత్రం ప్రైవేటు దారి పడుతోంది. గోదావరి తాగునీటి పథకం రెండు, మూడు దశలకు రూ.7,360 కోట్లతో హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. వాయిదాలు ఏళ్ల తరబడి కట్టాలి, నీటి బిల్లుల ఆదాయం పరిమితం. ఆ తేడాను ఖజానా భరిస్తుందని ఒప్పందం రోజునే తెలిసి ఉండాలి. మరోవైపు ఎండాకాలంలో ట్యాంకర్లు, ఏడాది పొడవునా 20 లీటర్ల క్యాన్లు తెలుగు పట్టణాలన్నిటా తిరుగుతూనే ఉన్నాయి. ఇది ఒప్పందం లేని, గట్టి నియంత్రణ లేని ప్రైవేటీకరణ. లీటరుకు అందరికంటే ఎక్కువ చెల్లించేది నల్లా లేని పేదలే.

తిరిగి ప్రభుత్వం చేతికి

పారిస్ 25 ఏళ్ల కాంట్రాక్టులు ముగియగానే 2010 జనవరి 1న నీటిని నగర సంస్థకు అప్పగించింది. తొలి ఏడాదే 3.5 కోట్ల యూరోలు ఆదా చేసి, మరుసటేడు ధర 8 శాతం తగ్గించింది. బెర్లిన్ ప్రజలు 2011లో రిఫరెండం పెట్టి రహస్య ఒప్పందాలను బయటపెట్టించారు, ఆపై నగరం వాటాలను తిరిగి కొనుక్కుంది. ప్రభుత్వ రంగంలో ఉంటూనే కంబోడియా రాజధాని నామ్ పెన్ జల సంస్థ, ఎక్ సొన్ చాన్ నాయకత్వంలో, 1993లో 72 శాతంగా ఉన్న బిల్లుకెక్కని నీటిని పది శాతంలోపుకు తెచ్చింది. పెద్దమనుషుల ఇళ్లతో సహా అందరికీ మీటర్లు పెట్టి, బకాయిదారులకు కనెక్షన్ తీసేయడంతో అది సాధ్యమైంది. తూర్పు మనీలాలో కంపెనీ, నామ్ పెన్‌లో ప్రభుత్వ సంస్థ చేసిన పని ఒక్కటే: ప్రతి చుక్కకూ లెక్క, ప్రతి మండలానికీ ఒక బాధ్యుడు.

ఒప్పందానికి ముందు అడగాల్సినవి

రాజ్యాంగ 74వ సవరణ పట్టణ నీటి సరఫరాను పురపాలక సంఘాల పనుల జాబితాలో చేర్చింది. కాబట్టి మన ఊళ్లో ఇలాంటి ప్రతిపాదన వస్తే అది వార్డు స్థాయిలో చర్చకు రావాలి. పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎంత నీరు పోతోందో కొలిచిన లెక్క వేలానికి ముందే ఉందా? కరెంటు ధర, వడ్డీ, రూపాయి విలువ మారితే భారం ఎవరిది? మురుగుశుద్ధికి గడువు, కొలత, జరిమానా రాసి ఉన్నాయా? కంపెనీ మధ్యలో వెళ్లిపోతే మరుసటి ఉదయం పంపు ఎవరు నడుపుతారు? ఒప్పందం ప్రతిని తెలుగులో సంతకానికి ముందే జనం ముందు పెట్టమని పాఠకులు తమ కార్పొరేటర్‌ను, కౌన్సిలర్‌ను అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి.